సిద్ధాంతవ్యాసము నడుమ మాఱిన ఆధారసూచన పద్ధతి: ఒక విమర్శ

పరిశోధన గ్రంథములను సమీక్షించువారు సాధారణముగా విషయమును, వాదమును, శైలిని విమర్శింతురు. పుట క్రింది చిన్న అక్షరములను విమర్శించువారు తక్కువ. ఆధారసూచనలు ఏ తీరున నున్నవని ముందుగా చూచువారు పరీక్షకులలో కూడ కొలదిమందియే. ఆ చిన్న అక్షరములే ఈ వ్యాసమునకు విషయము. అందునను, ఒక పద్ధతితో మొదలుపెట్టి సగము దారిలో మఱియొక పద్ధతికి మాఱుట వలన కలుగు నష్టమును విజ్ఞుల ముందుంచ దలచితిని. హొసూరు ప్రాంతమున అల్పసంఖ్యాక భాషాపాఠశాలలో తెలుగు చెప్పుకొనుచు, సాయంకాలములందును సెలవులందును పరిశోధన సాగించి పట్టము పొందినవాడను. కావున ఇందు ఇతరులకంటె నన్ను నేనే ఎక్కువగా విమర్శించుకొనవలసి యున్నది.

ఆధారమును పేర్కొనుట పాశ్చాత్యులు నేర్పిన విద్య యని తలచువారు కలరు. అది సరి కాదు. మన లాక్షణికులు సూత్రమునకు పూర్వకవుల ప్రయోగమును చూపి, కవి పేరునో కృతి పేరునో చెప్పుచు వచ్చిరి. పెదపాటి జగన్నాథకవి వంటి సంకలనకర్తలు పద్యముతో పాటు దాని కర్తను, కృతిని గూడ వ్రాసి యుంచిరి. 1918లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ప్రబంధరత్నావళిని ప్రకటించినపుడు, మూలగ్రంథములు దొరకని కవుల పద్యములు పెక్కు వెలుగు చూచినవి. అట్టి చిన్న సూచనలు లేకున్నచో ఆ పని సాధ్యమయ్యెడిది కాదు. పద్యము మిగిలి పేరు పోయినచో అది చాటువగును. పేరు కూడ మిగిలినచో ఒక కవి బ్రతుకును.

పూర్వులు వాడిన చిరునామా యెట్టిదో గమనింపదగును. కవిత్రయ భారతమున 18 పర్వములు, 63 ఆశ్వాసములు కలవు. పర్వము, ఆశ్వాసము, పద్యసంఖ్య చెప్పినచో చదువరి తన యింటనున్న యే ప్రతిలోనైనను ఆ పద్యమును పట్టుకొనగలడు. ముద్రణను బట్టి ఒకటి రెండు సంఖ్యలు జరుగవచ్చును. అయినను వెదకు చోటు తప్పిపోదు. ఈ చిరునామా గ్రంథమునకు లోపలిది. పుటసంఖ్య యట్లు కాదు. అది అచ్చుకూటము ఇచ్చిన చిరునామా. మఱల అచ్చు వేసినపుడు మాఱిపోవును. లోపలి చిరునామా కావ్యముతో కూడ పోవును, వెలుపలి చిరునామా కాగితముతో కూడ పోవును. ఈ భేదము మనసున నుంచుకొనినచో తరువాతి సంగతులు తేలికగా బోధపడును.

నేడు విశ్వవిద్యాలయములలో వాడుకలో నున్న పద్ధతులు ముఖ్యముగా రెండు. మొదటిది పుట క్రిందనో ప్రకరణము చివరనో సూచిక వ్రాయు పద్ధతి. 1906లో తొలిసారి వెలువడిన షికాగో నియమావళి ఈ తెగవారికి పెద్దదిక్కు. రెండవది వాక్యములోనే కుండలీకరణములలో రచయిత పేరును ప్రచురణ సంవత్సరమును వ్రాయు పద్ధతి. దీనికి ఆద్యుడుగా హార్వర్డులోని జంతుశాస్త్రజ్ఞుడైన ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్‌ను పేర్కొందురు. 1881లో నత్తజాతి జీవి నొకదానిని గుఱించి వ్రాసిన వ్యాసమున ఆయన దానిని వాడెను. శాస్త్రవిషయములలో ఎవరు ఏ సంవత్సరమున చెప్పిరనునది ముఖ్యము. నిన్నటి మాట నేడు చెల్లకపోవచ్చును. కావున అచ్చట సంవత్సరము ముందు నిలుచుట న్యాయమే. మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ వారు 1984 నాటి తమ కరదీపికలో సూచికలను విడిచి, వాక్యములోనే పేరును పుటను వ్రాయు మార్గమును పట్టిరి. అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘమువారు సంవత్సర పద్ధతిని పెంచి పోషించి, 2019లో తమ నియమావళి యేడవ కూర్పును వెలువరించిరి. ఎవరి పద్ధతి వారి శాస్త్రము యొక్క అవసరము నుండి పుట్టినది. దానిని మఱియొక శాస్త్రమునకు తొడిగినపుడు కొలతలు సరిచూచుకొనవలెను.

పద్ధతి నడుమ మాఱుట ఏల జరుగును? కొన్నిచోట్ల మార్గదర్శకులు మాఱుదురు. కొన్నిచోట్ల నిబంధనలు మాఱును. కొన్నిచోట్ల కంప్యూటరులో గ్రంథసూచిని తయారుచేయు సాధన మొకటి చేతికి దొరకి, అది అడిగిన గళ్ళను నింపుటే పని యగును. నా విషయమున జరిగినది నిబంధన మార్పు. మూడు ప్రకరణములు పాదసూచికలతో ముగించిన తరువాత, నేను చేరిన విశ్వవిద్యాలయమునుండి ఇకమీద సమర్పించు వ్యాసములన్నియు రచయిత, సంవత్సర పద్ధతిలో నుండవలెనను ఉత్తరువు వచ్చెను. వ్రాసినది అట్లే యుండనిండు, నాలుగవ ప్రకరణము నుండి క్రొత్త పద్ధతి పాటింపుడని చెప్పిరి. నేనును బడి పరీక్షల తొందరలో నుంటిని, సరే యంటిని. సమర్పణ దినము దగ్గఱపడగా, అంతయు ఒక్క తీరున నుండవలెనని మఱల చెప్పిరి. పది రోజులలో మూడు ప్రకరణముల పాదసూచికలను విడగొట్టి కుండలీకరణములలో పెట్టితిని. నా తప్పులన్నియు ఆ పది రోజులలో పుట్టినవే.

మొదటి నష్టము కావ్యముల విషయమున కలిగినది. పాదసూచికలో ఆశ్వాసమును పద్యసంఖ్యయు నున్నచోట క్రొత్త పద్ధతి పుటను అడిగినది. చేమకూర వేంకటకవి తంజావూరు రఘునాథనాయకుని కాలపువాడు, అనగా పదునేడవ శతాబ్దివాడు. ఆయన పేరు ప్రక్కన ఇరువదవ శతాబ్దపు ముద్రణ సంవత్సరమును చేర్చినచో చూచువారికి నవ్వు వచ్చును. దానిని తప్పించుటకు వ్యాఖ్యాత పేరు వ్రాసినచో, విజయవిలాస పద్యము తాపీ ధర్మారావుగారి ఖాతాలో పడును. నా వ్యాసమున రెండు వికారములును ఉన్నవి. మొదటి ప్రకరణమున వేంకటకవి కవిగా నున్నాడు, అయిదవ ప్రకరణమున కనబడకుండ పోయినాడు. సంవత్సరము వ్యర్థమని నా భావము కాదు. ముద్దుపళని రాధికాసాంత్వనమును 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ప్రకటించినది. 1911లో దానిపై ప్రభుత్వ నిషేధము పడినది. 1952లో మఱల అచ్చయినది. అట్టి గ్రంథమున ఏ ముద్రణను చూచితిమో చెప్పుట తప్పనిసరి. వేమన పద్యములును అట్లే. బ్రౌను దొర 1829లో వేసిన కూర్పునకును 1839లో వేసిన కూర్పునకును సంఖ్యలు వేఱు. ముద్రణ సంవత్సరము పద్యసంఖ్యకు తోడు రావలెను గాని దాని స్థానమును ఆక్రమింపరాదు.

రెండవ నష్టము శాసనములది. ఇది మా సరిహద్దు ప్రాంతము వారికి మఱింత ముఖ్యము. బి. ఎల్. రైస్ దొర ఎపిగ్రాఫియా కర్ణాటికా పదవ సంపుటముగా కోలారు జిల్లా శాసనములను 1905లో ప్రకటించెను. అందు శాసనములకు తాలూకా వారీగా సంఖ్యలు కలవు. ముళబాగిలు 82 అనగా ఆ తాలూకాలోని 82వ శాసనమని యర్థము. దీనిని తొందరలో క్రొత్త పద్ధతికి మార్చినవాడు రైస్, 1905, పుట 82 అని వ్రాయును, నేను వ్రాసితిని. ఆ సంపుటములో మూలపాఠము, రోమను లిపి పాఠము, ఆంగ్లానువాదము వేఱువేఱు భాగములు. అది ఏ భాగపు పుటయో, అసలు పుటయో కాదో చదువరికి తెలియదు. శాసనశాఖవారి వార్షిక నివేదికలలోని సంఖ్య యొకటి, అదే శాసనము దక్షిణభారత శాసన సంపుటములలో అచ్చయినపుడు దాని కిచ్చిన సంఖ్య మఱియొకటి. ముందు ప్రకరణములో మొదటి సంఖ్యను, వెనుక ప్రకరణములో రెండవ సంఖ్యను వాడినచో, ఒక్క శాసనము రెండు శాసనములుగా లెక్కకు వచ్చును. నా పట్టికలో అట్లు పెరిగిన శాసనములు మూడు దొరకినవి. సాక్ష్యము అధికముగా కనబడుట సాక్ష్యము లేకపోవుటకంటె ప్రమాదకరము. ఎదిరి వాడొకనాడు దానిని పట్టుకొని తక్కిన వానిని గూడ త్రోసిపుచ్చగలడు.

ఊరి పేర్లును నిలిచియుండవు. హొసూరు తొలుత సేలము జిల్లాలో నుండెను. 1965లో ధర్మపురి జిల్లాలో చేరెను. 2004లో కృష్ణగిరి జిల్లాలో చేరెను. కోలారు నుండి 2007లో చిక్కబళ్ళాపురము జిల్లా విడివడి బాగేపల్లి, చింతామణి తాలూకాలను తనలో కలుపుకొనినది. రైస్ కాలమున బౌరింగుపేట యనబడినది నేడు బంగారుపేట. పాత నివేదిక పేరును, దాని సంఖ్యను ఉన్నదున్నట్లు చెప్పి, నేటి జిల్లాను ప్రక్కన చేర్చిననే త్రోవ తెలియును. పాదసూచికలో అంతటి మాట చెప్పుటకు చోటుండును. కుండలీకరణములో నుండదు.

మూడవది తాళపత్ర ప్రతుల సంగతి. చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున డి సంఖ్యలని, ఆర్ సంఖ్యలని రెండు వరుసలు కలవు. అక్షరము జాఱినచో సంఖ్య మఱియొక గ్రంథమునకు త్రోవ చూపును. గ్రంథసూచిని అల్లు సాధనములలో నేను వాడినదానికి ఆ అక్షరమును ఉంచుటకు గది లేదు. సంఖ్య మాత్రము మిగిలినది.

నాలుగవది పేర్లది. సంవత్సర పద్ధతి ఇంటిపేరును ముందు అడుగును. అది పేరు చివర నుండునని తలచును. మన ఇంటిపేరు ముందుండును. గిడుగు రామమూర్తిగారు ఒక ప్రకరణమున గకారము క్రిందను, వేఱొక ప్రకరణమున రకారము క్రిందను చేరినారు. చివరి పదమునే ఇంటిపేరుగా తీసికొన్నచో మన పండితులలో సగము మంది శాస్త్రులును రావులునుగా మిగులుదురు. రావు, 1964 అని వ్రాసినచో ఏ రావు? మౌఖిక పరీక్షలో పరీక్షకులు నన్నడిగిన ప్రశ్న అదియే. ఆ పేరు క్రింద నా సూచిలో ఇద్దఱుండిరి, నేను తడబడితిని. ఇక తమిళనాట స్థిరపడిన మనవారిలో చాలమందికి ఇంటిపేరు కాగితములలో లేనే లేదు. తండ్రి పేరి మొదటి అక్షరము మాత్రము ముందు నిలుచును. అట్టి వారి రచనలకు ఈ పద్ధతి ఏ పేరును పెట్టును? తండ్రి అక్షరమును వెనుకకు త్రోసి, వారి స్వంత పేరును ఇంటిపేరు చేయును. ప్రతి సమాజమునకు పేరు పెట్టుకొను మర్యాద యొకటి యున్నది. సూచి ఆ మర్యాదను పాటింపవలెను.

అన్నిటికంటె పెద్ద నష్టము అయిదవది. దానిని చివర చెప్పుట ఆలస్యము చేయుటకు గాదు, తక్కినవి దానికి మెట్లగుట చేత. మా ప్రాంతపు తెలుగునకు గ్రంథసాక్ష్యము కొంచెము, శాసనసాక్ష్యము కొంత, నోటిసాక్ష్యము మెండు. సూళగిరి వైపు గ్రామమున ఎనుబదేండ్ల యవ్వ యొకతె నాకు దంపుడు పాటలు చెప్పినది. మూడవ ప్రకరణపు పాదసూచికలలో ఆమె పేరు, ఊరు, వయస్సు, పాట చెప్పిన తేదీ, నా నోటుపుస్తకపు సంఖ్య వ్రాసితిని. మనస్తత్వశాస్త్ర సంఘపు నియమము ప్రకారము వ్యక్తిగత సంభాషణ వ్యాసభాగమున పేర్కొనదగినదే గాని గ్రంథసూచిలో చేర్చదగినది కాదు. చదువరి దానిని తెప్పించుకొని చూడజాలడని వారి హేతువు. మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ వారి పద్ధతిలో ముఖాముఖికి సూచియందు చోటు కలదు. అనగా ఎవరు సాక్షి, ఎవరు సాక్షి కాదు అను తీర్పును పద్ధతియే ఇచ్చుచున్నది. నాకు పది రోజుల గడువు, పాదసూచికలు పోయినవి, వాక్యములో వ్యక్తిగత సంభాషణ యను రెండు మాటలు మిగిలినవి. అవ్వ సూచిలో లేదు, వాక్యములోను లేదు.

2009 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘపు నిబంధనల పిదప సిద్ధాంతవ్యాసములు శోధగంగ యను భాండాగారమున చేరుచున్నవి. పూర్వము అటకమీద నుండినది నేడు ఎవరైనను ఫోనులో చూడగలరు. అవ్వ కాలము చేసిన పిదప ఆమె మనుమడు, ఒకప్పుడు నా దగ్గఱ చదివినవాడు, నా వ్యాసమును వెదకి పట్టుకొని బడికి వచ్చెను. సార్, పాట ఉండాది, అవ్వ పేరు యాడా లేదే, అని అడిగెను. నిందింపలేదు, పుట తప్పు చూచితినేమో అనుకొని అడిగెను. నేను నోటుపుస్తకము తీసి చూపితిని. అతడు ఆ పుటను ఫోటో తీసికొని వెడలిపోయెను. ఆ దినమున నాకు తెలిసినది, ఇది అందచందముల విషయము కాదని.

పాదసూచికలు నిర్దోషమని నేను చెప్పను. పైది, పై గ్రంథమే అను మాటలను నమ్మి వ్రాసిన సూచికల నడుమ ఒక క్రొత్త సూచిక చేర్చినంతనే, దాని క్రింది పైది మఱియొక గ్రంథమును చూపును. ఒక్క సూచికలో అరపుట వాదము నడపి అసలు వాక్యమును మఱపించువారును కలరు. రచయిత, సంవత్సర పద్ధతిలో ఒక విషయముపై ఎవరు ముందు ఎవరు వెనుక అనునది చూడగానే తెలియును. భాషాశాస్త్రము, సమాజశాస్త్రము వ్రాయువారికి అది మేలు. ఏ పద్ధతియైనను నిండుగా పాటించినచో పని చేయును. ఇంటికి తూర్పు వాకిలి మంచిదా, ఉత్తరపు వాకిలి మంచిదా అని వాదింపవచ్చును. సగము కట్టిన యింటికి వాకిలి మార్చినచో గోడ కూలును.

ఈ సందర్భమున గిడుగు రామమూర్తిగారిని స్మరింపవలెను. ఆయన పర్లాకిమిడిలో బడి ఉపాధ్యాయుడు. వాడుకభాష కొఱకు పండితులతో వాదించినపుడు తన యభిప్రాయమును చెప్పి యూరకుండక, పూర్వగ్రంథములనుండి ప్రయోగములను ఏఱి చూపెను. వాదమును ఒప్పనివారు కూడ ప్రయోగమును తెఱచి చూడవలసి వచ్చెను. పర్లాకిమిడి 1936లో ఒడిశా రాష్ట్రమున చేరినది. ఆయన చూపిన ఉదాహరణములు మాత్రము ఏ రాష్ట్రపు హద్దులోను చిక్కుకొనలేదు. వెలుపలి రాష్ట్రములలో నున్న మనకు ఆయన విడిచిన పాఠమిది. మన భాష యిచ్చట నుండెననుటకు మన మాట చాలదు. వినువాడు స్వయముగా వెళ్ళి చూడగల చోటును చూపవలెను.

కావున పరిశోధకులకును మార్గదర్శకులకును నా విన్నపము ఇట్లున్నది. పద్ధతిని మొదటి ప్రకరణమునకు ముందే నిర్ణయించుకొనుడు. నడుమ నిబంధన మాఱినచో, ముందు చేరినవారికి పాత పద్ధతియే చెల్లునట్లు వ్రాతమూలకముగా అనుమతి కోరుడు. విశ్వవిద్యాలయములు ఆ అనుమతిని అడుగకయే ఇచ్చుట ధర్మము. తప్పక మార్చవలసి వచ్చినచో ఉన్న సూచికలను చెఱిపి మార్పకుడు. పాతదానికి ప్రతి తీసి, ప్రతి సూచికకును ఒక సంఖ్య వేసి, ఒక్కొక్కటి మూలముతో పోల్చి, మార్చినదానిని గీత గీసి సాగుడు. ఏ పద్ధతిలోనైనను లోపలి చిరునామాను విడువకుడు: కావ్యమునకు ఆశ్వాసము, పద్యము, శాసనమునకు సంపుటము, తాలూకా, సంఖ్య, శకవర్షము, వ్రాతప్రతికి భాండాగారము, అక్షరముతో కూడిన సంఖ్య, పాటకు పాడినవారి పేరు, ఊరు, తేదీ. శకవర్షమును క్రీస్తుశకమునకు మార్చునపుడు 78 కలుపవలెనో 79 కలుపవలెనో మాసమును బట్టి మాఱును గనుక, మూలమున నున్నదానినే ముందు వ్రాయుడు. నోటిసాక్షులకు, వారి సమ్మతితో, ప్రత్యేకముగా ఒక పట్టిక పెట్టుడు. ఏ నియమావళియు అనుబంధమును నిషేధింపదు.

నా వ్యాసమునకు దిద్దుబాటు పత్రము నొకదానిని తయారుచేసితిని. ఒక ప్రతి మా పాఠశాల గ్రంథాలయమున నున్నది; మఱియొకటి విశ్వవిద్యాలయమునకు పంపితిని. అది మూల వ్యాసముతో చేరువఱకు అడుగుచునే యుందును. అవ్వ పేరును ఇచ్చట వ్రాసి ఋణము తీరినదని తృప్తి పడుట సులభమే. కాని ఆ పేరు ఉండవలసిన చోటు ఈ సంచిక కాదు, ఆమె పాట ప్రక్కన. మా తరగతిలో తెలుగు చదువు పిల్లలు ఏటేట తగ్గుచున్నారు. రేపు ఈ ప్రాంతపు తెలుగును తెలిసికొన గోరువాడు మా వీధులకు రాక, మా సిద్ధాంతవ్యాసములకే వచ్చునేమో. వానికి పాట ఒకచోటను, పాడినవారు మఱియొకచోటను దొరకకుండునట్లు చూచుట మన పని.